వలకు రెండు పాళ్లు

జకరయ్య జువ్వలదిన్నె మిషన్ బడిలో మాస్టారుగా పద్నాలుగేళ్లు పనిచేశాడు. జీతం చిన్నది. ఆయన్ను బాధించింది అది కాదు. పనిచేసినంత కాలమే జీతం వస్తుంది. గొంతు పోతే ఆగిపోతుంది. ఆయన తండ్రి కావలిలో దర్జీ. చూపు మందగించిన ఏడాది కుట్టుమిషను అమ్ముకుని తిన్నారు.

అందుకని కూర్చున్న చోటికి వచ్చే రాబడి కోసం వెతికాడు. ఎక్కాల పుస్తకం ఒకటి రాసి కావలిలో అచ్చు వేయించాడు. ఏటా బళ్లు తెరిచే నెలలో కొన్ని అమ్ముడయ్యేవి. రెండు మేకల్ని బోగోలులో ఒకరికి పాలికిచ్చాడు. పుట్టిన పిల్లల్లో సగం ఆయనవి. మద్రాసు నుంచి వచ్చే ఒక మాసపత్రికకు పొదుపు మీద వ్యాసాలు రాసేవాడు.

"ఒకసారి ఎసరు పెడితే ఏడాదంతా ఉడకతా ఉండే కుండేదన్నా ఉంటే కొనండి, నాకూ సుఖం" అనేది ఆయన భార్య ఎలిశబెతు.

పంతొమ్మిదివందల అరవై రెండులో నైలాను వల కొన్నాడు. ఊరి పక్కన జాలర్లుండే పట్టపుపాళెంలో అప్పటికి అందరివీ నూలు వలలే. వల తెచ్చి ముత్యాలయ్యకు అప్పగించాడు. ముత్యాలయ్యకు తెప్ప ఉంది, తమ్ముడు చెంగయ్య ఉన్నాడు, ఇంకో మనిషి ఉన్నాడు. పడిన చేప ఆరు పాళ్లు. ముగ్గురు మనుషులకు మూడు, తెప్పకు ఒకటి, వలకు రెండు.

"జాగ్రత్త ముత్యాలయ్యా. నాలుగేళ్లు దాచిన డబ్బు."

"బిడ్డ మాదిరి చూసుకుంటా అయ్యవారా."

"బిడ్డనైతే తన్నతాడు. వలను తన్నడులే, బయపడబాకండి" అన్నాడు చెంగయ్య.

ముత్యాలయ్య భార్య పేరమ్మ చేపలు బోగోలుకు మోసుకుపోయి అమ్మేది. శనివారం శనివారం వల పాళ్ల డబ్బు కొంగు ముడి విప్పి మాస్టారి అరుగు మీద పెట్టేది. ఆరునెలలు గడిచాక జకరయ్య ఆ సంగతే వ్యాసంగా రాశాడు. వల ఉన్నవాడు సముద్రంలోకి పోనక్కరలేదని, తాను నల్లబల్ల ముందు నిలబడి ఉండగా తన వల చేపలు పడుతోందని రాశాడు. రాసినప్పుడు ఆ వాక్యం ఆయనకు నచ్చింది. పోస్టు చేశాడు.

కార్తీకంలో ఒక ఉదయం ఈశాన్యపు గాలి లేచింది. తెప్పలన్నీ వచ్చాయి, ముత్యాలయ్యది రాలేదు. బడి విడిచిపెట్టి జకరయ్య ఒడ్డుకు వెళ్లాడు. అప్పటికే జనం మూగి ఉన్నారు. ముత్యాలయ్య తెప్ప వచ్చి, ఇసుక మీదికి లాగి ఉంది.

"వలకేమైంది?" అని అడిగాడు.

జనం పక్కకు జరిగారు. ముత్యాలయ్య ఇసుకలో కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి తలగుడ్డ చుట్టి ఉంది. గుడ్డ అంతా ఎర్రగా ఉంది.

"వలకేం కాలేదు అయ్యవారా" అన్నాడు. "ఒక్క కన్ను తెగలేదు. చూసుకోండి."

జకరయ్య చూసుకున్నాడు. వంగి, వల మడతల్లో చెయ్యి పెట్టి చూశాడు. ఎంతసేపో కాదు. తరువాతే ముత్యాలయ్య వైపు తిరిగాడు.

కావలి ఆసుపత్రిలో మూడు వేళ్లు తీసేశారు. జరిగింది చెంగయ్య చెప్పాడు. వల అడుగున దేనికో పట్టుకుంది. అల మీద అల వస్తోంది. తాడు ముత్యాలయ్య చేతికి చుట్టుకుంది.

"కత్తి నా చేతిలోనే ఉండాది. మా వలైతే కోసేసేవాణ్ణి. అయ్యవారి వలరా, కొయ్యబాకరా అన్నాడు అన్న."

చెంగయ్య గొంతులో నిందేమీ లేదు. గాలి ఎటు నుంచి వీచిందో చెప్పినట్టే చెప్పాడు.

గాయపడిన మనిషికి పుండు మానేదాకా మనిషి పాలులో సగం ఇవ్వడం వాళ్ల కట్టుబాటు. అది తక్కిన మనుషుల పాళ్లలోంచి తీస్తారు. తెప్ప ఇవ్వదు, వల ఇవ్వదు. ఎవరైనా అడిగితే ఇద్దామని జకరయ్య అనుకున్నాడు. ఎవరూ అడగలేదు. పేరమ్మ శనివారం వస్తూనే ఉంది.

పుష్యంలో పత్రిక వచ్చింది. వెనకే పన్నెండు రూపాయల మనియార్డరు. పోస్టుమాను పాళెమంతా చెప్పాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పేరమ్మ చర్చి బయటే కాచుకుని ఉంది.

"మన సంగతి అచ్చులో ఏసినారంట గదా! రాండి, మాకు చదవాల."

గుడిసె ముందు చాప పరిచారు. ముత్యాలయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జకరయ్య పత్రిక విప్పి చదవడం మొదలుపెట్టాడు. వాక్యం దగ్గరికి వచ్చాడు. ఆగాడు.

"నా వల" అని అచ్చులో ఉన్న చోట "ముత్యాలయ్య, చెంగయ్య అనే ధైర్యవంతులు" అని చదివాడు. ఆ తరువాత ఆపలేకపోయాడు. వాళ్ల తెప్ప గురించి చదివాడు. పేరమ్మ బోగోలు నడక గురించి చదివాడు. అందులో లేనిదంతా చదివాడు. బడిలో పాఠం చెప్పే గొంతే.

"దైర్నవంతుడంట! పోయినేడు కప్పను చూసి తెప్ప మిందనించి దూకినోడు" అంది పేరమ్మ మొగుణ్ణి చూపిస్తూ. అందరూ నవ్వారు.

"మరి అన్న చెయ్యి?" అన్నాడు చెంగయ్య.

"అంతకుముందే రాసి పంపాను" అన్నాడు జకరయ్య. ఆ మధ్యాహ్నం ఆయన చెప్పిన నిజం అదొక్కటే.

"ఆ పుస్తకం మాకియ్యండి. పెట్లో పెట్టుకుంటాం" అంది పేరమ్మ.

ఒక్కటే ఉందన్నాడు. "అంత వల ఇచ్చినోళ్లు, రెండు కాగితాలు ఇయ్యలేరా!" అంది. ఇచ్చేశాడు.

పది రోజులకు పాదిరిగారి భార్య కరుణాకుమారి బడికి వచ్చింది. పిల్లలు వెళ్లేదాకా ఆగింది.

"పేరమ్మ ఆ పత్రిక నా దగ్గరికి తెచ్చింది మాస్టారూ. మొగుడి పేరు ఏ చోట ఉందో వేలు పెట్టి చూపించమంది."

"చూపించారా?"

"ఏదో ఒక చోట చూపించాను. అక్కడ పసుపు బొట్టు పెట్టుకుంది. మీ బదులు నేను అబద్ధమాడాను. మళ్లీ అడిగితే ఆడలేను" అంది.

ఆ సాయంత్రమే ఆయన వెళ్లాడు. ముత్యాలయ్య మిగిలిన రెండు వేళ్ల మధ్య దారం పట్టుకుని ఎడమచేత్తో పాత నూలు వల అల్లుతున్నాడు. ముడి జారిపోతోంది.

"ముత్యాలయ్యా, అందులో మీ పేర్లు లేవు. నోటికొచ్చింది చదివాను."

పేరమ్మ లోపలికి వెళ్లి పత్రిక తెచ్చింది. పసుపు అంటిన చోట వేలు పెట్టింది.

"మరి ఇక్కడేముండాది?"

"నా వల అని ఉంది."

ఆమె ఆ అక్షరాలను చాలాసేపు చూసింది. పత్రిక మూసి చాప మీద పెట్టింది. మళ్లీ లోపలికి తీసుకుపోలేదు.

"ఆ రోజు ఒడ్డున కూడా ముందు వలనే అడిగాను" అన్నాడు జకరయ్య.

"నేనూ ముందు వలే చూసుకున్నా గదా అయ్యవారా" అన్నాడు ముత్యాలయ్య. ఓదార్చడానికే అన్నాడు. జకరయ్య తల ఎత్తలేకపోయాడు.

"ఇకనుంచి వల పాళ్లలో ఒకటి నువ్వు తీసుకో."

"అదెట్టా?" ముత్యాలయ్య దారం వదిలేశాడు. "వల పాలు తెగ్గోసినామని తెలిస్తే రేపు ఇంకెవరన్నా మాకు వల పెడతారా? తమ్ముడు దేంతో పోతాడు ఏటకి? మీది మీరు తీసుకోండి. దరమం మాకొద్దు."

పేరమ్మ జారిన దారం తీసి మొగుడి వేళ్ల మధ్య మళ్లీ పెట్టింది.

శనివారం ఆమె వచ్చింది. ఇదివరకటిలా ఎలిశబెతును పలకరించలేదు, మజ్జిగ అడగలేదు. కొంగు ముడి విప్పి డబ్బు అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. అది తీసుకోకపోతే వాళ్లను అవమానించినట్టు. తీసుకుంటే ఏమిటో ఆయనకు తెలుసు. తీసుకున్నాడు.

పత్రికకు మళ్లీ రాయలేదు. నూలు వలైతే రెండేళ్లకే చివికిపోయేది. ఈ నైలాను వల ఏడేళ్లు వచ్చింది; అన్నేళ్లూ శనివారం డబ్బు అరుగు మీదికి వచ్చింది.