నీలి పీకిన చేను

ధాత నామ సంవత్సరం కరువులో ఊరు ఖాళీ అయినప్పుడు పోలేరమ్మ కూడా మొగుడితో కలిసి తూర్పున కాలవ తవ్వకానికి వెళ్లింది. అతను అక్కడే వాంతుల జబ్బు పట్టి చనిపోయాడు. వానలు పడ్డాయని తెలిసి ఆమె ఒంటరిగా ఉదయగిరి కొండ కిందికి తిరిగొచ్చింది. దారిలో అనంతసాగరంలో కలుపు తీసి, కూలిగా జొన్న విత్తనాలు అడిగి మూటగట్టి తెచ్చుకుంది. ఆకలేసినా ఆ మూట ముడి విప్పలేదు.

తీరా వస్తే, ఆమె చేనులో నీలి మొక్కలు మోకాలెత్తు పెరిగి ఉన్నాయి. ఊరి పెత్తందారు రామనారాయణరెడ్డి వేయించాడు. తెల్లవాళ్లు బట్టల రంగు కోసం కొనేవాళ్లు, దానికి మంచి గిరాకీ.

పోలేరమ్మ కొంగు బిగించి పీకడం మొదలుపెట్టింది. తోడికోడలు శీనమ్మ కూడా వచ్చి చేయి వేసింది. కబురంది రెడ్డి పరుగున వచ్చాడు.

"ఏందే, ఎవురి చేనులో చెయ్యి పెట్టినావు?"

"నా చేనులో."

"వదిలేసి పోయినావు గదా!"

"బతకను పోయినా. వదల్లా."

"నీలి ఉండనీ. అమ్మినాక నీకూ ఇంత ఇస్తా, గింజలు కొనుక్కో."

"కరువులో రూకలుండే వాళ్లకు గూడా గింజ దొరకలా. ఆకలైతే నీలి తింటామా రెడ్డీ? ఈడ జొన్నే ఏస్తా."

రెడ్డి మండిపడి, "పశువుల్ని వీళ్ల మీదికి తోలరా, తొక్కించు!" అని కాపరి కొండలయ్యను కేకేశాడు. కాలవ దగ్గర కొండలయ్య కూడా బిడ్డను పూడ్చిపెట్టి వచ్చినవాడే. అతను కర్ర నేలకు ఆనించి నిలబడ్డాడు. "నా చేత గాదు రెడ్డీ" అని పశువుల్ని వాగు వైపు మళ్లించాడు.

దున్నడానికి ఎద్దుల్లేవు. కాడికి ఒక పక్క పోలేరమ్మ, ఇంకో పక్క శీనమ్మ భుజం పెట్టి లాగారు. మేడి కొండలయ్య పట్టుకున్నాడు.

రెడ్డి ఆత్మకూరు తాసిల్దారు దగ్గర ఫిర్యాదు చేశాడు. పోలేరమ్మ నడిచి వెళ్లి కచేరీ ముందు కూర్చుంది, పొమ్మన్నా లేవలేదు. చివరికి తాసిల్దారు చేను రెండు ముక్కలు చేశాడు. నల్లనేల రెడ్డికి, రాళ్లమెరక ఆమెకు.

"సగానికి ఒప్పుకుని పోవడంలా, మిగతాదానికి మళ్లీ వస్తా" అని తాసిల్దారు మొహం మీదే చెప్పి వచ్చింది.

ఆ ఏడు రెడ్డి నల్లనేలలో మళ్లీ నీలి వేయించాడు. రాళ్లమెరకలో పోలేరమ్మ చల్లిన జొన్న పలచగానే పండింది. పోలేరమ్మ మొదటి కంకులు దంచి సంకటి వండి, శీనమ్మను, కొండలయ్యను పిలిచి, రెడ్డి నీలి చేను గట్టు మీద కూర్చోబెట్టి వడ్డించింది.