ఊపిరికి ఎన్ని పోగులు

యోగం గురించి ఎవరైనా నా ముందు గొప్పగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. గంజాయిని తిట్టినా అంతే. ఆ రెండిటినీ ఒకే ఇంట్లో, ఒకే మనిషి దగ్గర చూసినదాన్ని నేను. మా అన్న పోవడానికి ఆ రెండిటిలో ఏది కారణమని అడిగితే, మూడోది ఒకటుందని చెప్పాలి. అది నా నోరు. ఆ మాట బయటపెట్టలేకనే ఇన్నేళ్ళూ యోగం మీదా గంజాయి మీదా విసుక్కుంటూ వచ్చాను.

మాది గద్వాలలో మగ్గం ఇల్లు. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు వేసి నేసే పని. పెళ్ళైన రెండో ఏడే భర్త పోతే అన్న ఇంటికి తిరిగొచ్చాను. ఇంట్లో అన్న, వదిన, నేను, ముగ్గురమే. వదిన నాగర్‌కర్నూలు దిక్కు మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. నా సంగతి దానికి పూర్తిగా ఎదురు. నాకు బాగా వచ్చిన పని ఒక్కటే, పోగులు అతకడం. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు దాని ఒక్కో పోగు కొసకు కొత్త పడుగు పోగు కొసను కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. అలా వేల పోగులు. అతికినంత మేర చిక్కుపడకుండా గుత్తిగా పట్టి, తెల్ల దారంతో వదులుగా కట్టిపెట్టడం మా అలవాటు. మా వీధిలో ఎవరి పడుగు అతకాలన్నా నన్నే పిలిచేవాళ్ళు. నాకు అప్పట్లో అక్షరం ముక్క రాదు. పోగుల లెక్కలో మాత్రం నన్ను మించినవాళ్ళు లేరని పొగరుండేది.

అన్నకు చిన్ననాటి నుంచి ఉబ్బసం. అవి యుద్ధం రోజులు. నూలు దొరక్క ఊళ్ళో సగం మగ్గాలు ఆగిపోయాయి. దొరికిన నూలుతో పడుగు చేసుకున్నాక మా ఇంట్లో ఊపిరికి కరువొచ్చింది. మగ్గం గుంతలో కూర్చుని, అడ్డపోగు దూర్చే నాడె నాలుగు సార్లు విసిరేసరికి అన్న మగ్గం కొయ్య పట్టుకుని వగర్చేవాడు. భుజాలు ఎగసెగసి పడేవి. చూడలేక నేను బయటికి పోయి, సంబంధం లేని వాళ్ళ మీద అరిచేదాన్ని.

ఆ చలికాలంలో ఒక బైరాగి శ్రీశైలం పోతూ ఏటి ఒడ్డున మామిడితోటలో దిగాడు. అన్న అతని దగ్గరికి వెళ్ళి, వారం తిరిగేసరికి వెన్ను నిటారుగా పెట్టుకుని ఇంటికొచ్చాడు. బైరాగి ఆసనాలు నేర్పాడు, గాలి పీల్చడం, నిలపడం, వదలడం నేర్పాడు. కూర్చునే ముందు చిలుంలో గంజాయి వేసి రెండు దమ్ములు పీల్చమన్నాడు. పొగ ఎదను వదులు చేస్తుంది, వదులైన ఎదలో గాలి నిలుస్తుంది అని చెప్పాడు. అతన్ని దొంగ అనడానికి నాకు నోరు రాదు. పోయే రోజు మా గడపలో నిలబడి ముగ్గురం వినేలా ఒక మాట చెప్పి పోయాడు.

"నిలిపిన గాలి రోజూ లెక్కపెట్టుకో నాయనా. లెక్క పెరిగినన్నాళ్ళే పొగ. తగ్గిన నాడు చిలుం ఏట్ల ఇసిరెయ్యి. మళ్ళ ముట్టకు."

ఇంట్లో గడియారం లేదు. లెక్క ఎలా? ఆ ఉపాయం నాదే. అన్న మగ్గం పక్కన చాప మీద పద్మాసనం వేసుకుని గాలి నిలపగానే నేను పోగులు అతకడం మొదలుపెట్టాలి, వదలగానే ఆపాలి. నా చేయి ఎప్పుడూ ఒకే వేగంతో నడుస్తుంది. ఎన్ని పోగులు అతికితే ఆయన ఊపిరి అంత. రోజుకు ఒక్కసారే, పొద్దున్నే. ఆ పడుగును ఇంకో వేళలో ముట్టుకోకూడదని మా ఇద్దరికీ ఒప్పందం. చివరి పోగు అతికే నాటికి అన్న ఛాతీ బాగుపడాలి, మళ్ళీ గుంతలో దిగి నేయాలి. ఆ చీర ముందు వదినకే కట్టబెడతానని కూడా అన్నాడు. వదిన నవ్వలేదు. నేనే నవ్వాను.

మొదటి రోజు తొమ్మిది పోగులు. నెల తిరిగేసరికి పదహారు. నిజంగానే పదహారు, ఆ లెక్కలో కల్తీ లేదు. అన్న అన్నం తింటున్నాడు, నడుస్తున్నాడు, నా వంట మీద వంకలు పెడుతున్నాడు. "ఈ పులుసుల చింతపండు ఏసినవా, చింతచెట్టునే ఏసినవా" అని ఏడిపిస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. చిలుం కడిగి పెట్టేది నేను. ఆకు నలిపి, గింజలు ఏరి ఇచ్చేది నేను. వదిన మాత్రం వాసన పడక వాకిట్లో కూర్చునేది.

ఒక నాడు ఆమె తన మాట చెప్పింది. "వానలు పడకముందే వనపర్తి దవాఖానకు పోదాం. మా అన్న బండి తెస్తడు. ఒక్కసారి చూపిద్దాం."

నేను అందుకున్నాను. "తొమ్మిది నుంచి పదహారుకు ఎక్కిండు. మీ దవాఖానోళ్ళు గిట్ల ఎక్కిస్తరా వదినె?"

లెక్క నా వైపు ఉంది మరి.

ఎండలు ముదిరాక ఒక పొద్దున పద్నాలుగు దగ్గర అన్న గాలి వదిలేశాడు. దగ్గాడు. నా చేయి ఆగిపోయింది. వదిన గుమ్మంలో చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎంతయింది చెల్లె?" అన్నాడు అన్న.

పద్నాలుగు అంటే చిలుం ఏట్లో పడాలి. మళ్ళీ ఆ వగర్పు, మళ్ళీ ఆ భుజాలు. వదిన ముందు నేను తల దించుకోవాలి. ఇందులో ఏది ముందు తోచిందో నాకు తెలుసు, చెప్పుకోవడానికే సిగ్గు. వదిన మొహమే ముందు కనిపించింది.

"పదిహేడు" అన్నాను.

"జర గట్టిగ చెప్పు. మీ వదినెకు ఇనపడాలె."

"పదిహేడు అన్నా!" అని అరిచాను. వదిన లోపలికి వెళ్ళిపోయింది. అన్న గెలిచానని మురిసిపోతున్నాడనుకుని నేనూ మురిశాను.

ఒకసారి పెంచిన లెక్కను దించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పన్నెండు అతికి పద్దెనిమిది అన్నాను. పది అతికి పంతొమ్మిది అన్నాను. రేపు బాగుపడతాడు, రేపటి నుంచి నిజం చెబుదాం అనుకునేదాన్ని. అన్న రోజూ అడిగేవాడు, రోజూ గట్టిగా చెప్పమనేవాడు. ఆయన చిలుం దమ్ములు రెండు నుంచి నాలుగయ్యాయి, ఆరయ్యాయి. దగ్గు వస్తే లోపలి చెడు బయటపడుతోందన్నాడు. నేను తలూపాను. వదిన రెండోసారి దవాఖాన మాట ఎత్తినప్పుడు అన్న కళ్ళు మూసుకునే, "లెక్క పెరుగుతుంది గదనే" అన్నాడు. మూడోసారి ఆమె ఎత్తలేదు.

మృగశిర దాటి మొదటి వానలు పడ్డ వారంలో ఒక పొద్దున ఆరు పోగులు అతికేసరికే గాలి వదిలేశాడు. పెదవులు నల్లబడ్డాయి.

"ఎంత?"

"ఇరవై" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"గట్టిగ చెల్లె."

గట్టిగా చెప్పాను. ఆయన పద్మాసనం విప్పుకోలేకపోయాడు. కాళ్ళు వదినా నేనూ కలిసి విడదీశాం. ఆ రోజు మధ్యాహ్నమే రైలెక్కించాం. వనపర్తి రోడ్డు స్టేషన్‌లో దిగి ఎడ్లబండి మాట్లాడుకున్నాం. దవాఖాన చేరలేదు. కొత్తకోట దాటకముందే, వదిన ఒళ్ళో తల పెట్టుకుని పోయాడు. బండివాడు ఎడ్లను ఆపి తలగుడ్డ తీశాడు. నేను గొంతు చించుకుని ఏడ్చాను. వదిన ఆయన ఛాతీ మీద చేయి వేసి అలాగే కూర్చుంది, ఇంకా కదులుతుందేమోనని.

కర్మలన్నీ అయ్యాక చాలా రోజులు ఎవరం మగ్గం వైపు వెళ్ళలేదు. చివరికి వదినే పడుగు మీది గుడ్డ తీసింది. మిగిలిన పోగులు అతికించి, ఎవరితోనైనా నేయిద్దామంది. అక్కడ గుత్తులు వరసగా ఉన్నాయి. ఒక్కో పొద్దుకు ఒక్కో గుత్తి, తెల్ల దారంతో నేనే కట్టినవి. నోటితో చెప్పిన లెక్క చెప్పినంతసేపే ఉంది. చేత్తో అతికిన లెక్క మగ్గం మీద అలాగే ఉండిపోయింది. పోగుల మనిషిని, నాకే ఆ ఊహ రాలేదు.

వదిన చివరి గుత్తి చేతిలోకి తీసుకుని లెక్కపెట్టింది. ఆరు. దాని వెనకది ఎనిమిది. దాని వెనకది కూడా ఎనిమిదే. ఆమె కొట్టినా బాగుండేది.

"నేనే వదినె. అబద్ధం చెప్పిన. నేనే సంపుకున్న" అని ఆమె కాళ్ళ మీద పడ్డాను.

ఆమె నన్ను లేపలేదు, తన్నలేదు. గుత్తి వదిలేసి మగ్గం కొయ్యకు ఆనుకుంది.

"నువ్వు ఊర్లె పోగులు అతకనీకె పోయినంక, రోజూ ఈడ కూసుండి ఈ గుత్తులు తడిమెటోడు పిల్లా. కండ్లు మూసుకుని, ఒక్కొక్క గుత్తి, ఒక్కొక్క పోగు. ఏంది అంటె, మా చెల్లె చేతి పని చూస్తున్న అనెటోడు."

పుట్టినప్పటి నుంచి పోగుల మధ్య బతికిన మనిషి. వేలికొసతో తడిమితే ఎన్ని ఉన్నాయో చెప్పగలడు. అంటే ఆయనకు తెలుసు. పద్నాలుగు నాడే తెలుసు. పొగ వదులుకోలేక ఊరుకున్నాడా, నా మాట పోనివ్వకూడదని ఊరుకున్నాడా, దవాఖానకు పోయినా బతకనని ముందే అనుకున్నాడా, నాకు ఇప్పటికీ తెలియదు. ఏది అనుకున్నా ఒక్కటి మాత్రం మారదు. నేను ఒక్కసారి పద్నాలుగు అని ఉంటే, ఆయనకు దాక్కోవడానికి చోటుండేది కాదు.

ఆ పడుగు మిగతా భాగం వదినే అతికింది. నేను పక్కన కూర్చుని బూడిద అందించాను. ఆ తర్వాత మళ్ళీ ఎవరి మగ్గానికీ పోగులు అతకలేదు. వదినా నేనూ ఆ ఇంట్లోనే ఇంకా చాలా ఏళ్ళు కలిసి బతికాం. ఆమె ఏది అడిగినా నేను చిన్నగా జవాబు చెప్పేదాన్ని. ఆమెకు వినపడకపోతే దగ్గరికి వచ్చి మళ్ళీ అడిగేది, కానీ గట్టిగా చెప్పమని ఒక్కనాడూ అనలేదు.