తెలుపు మీద తెలుపు

ఈ ఉదయం పక్కింటివాళ్లు గేటుకు రంగు వేయిస్తున్నారు. థిన్నర్ ఘాటు ముక్కుకు తగిలింది. పన్నెండేళ్లుగా అదే వాసనలో బతుకుతున్నాను. అయినా ఇంట్లో ఉండగా తగిలితే మాత్రం రాజమ్మక్క, వెలిమెలలోని ఆ మేడా గుర్తొస్తాయి.

జిన్నారం దగ్గరి మందుల కంపెనీలో నా ఉద్యోగం పోయినప్పుడు, ఇస్నాపూర్‌లో ఆమెది నా పక్క కిరాయి గది. యాభై దాటిన మనిషి. ఇళ్లకు రంగులు వేసే పని సొంతంగా పట్టేది. నన్ను పిలిచి రంగు చిమ్మే స్ప్రే గన్ చేతికిచ్చింది. దాన్ని పట్టుకోవడం వారంలో వచ్చింది. గాలి ఎటు వీస్తుందో కనిపెట్టడం మాత్రం రాలేదు.

వెలిమెలలో ఒక ఇంటి కిటికీల బయటి చెక్క రెక్కలకు తెల్లరంగు కొడుతున్నాం. అక్క కింద పాత రంగు గీకుతోంది, నేను పై అంతస్తులో ఉన్నాను. గాలి లేచింది. ఆపాలని తెలుసు. రెండే రెక్కలు మిగిలాయి కదా అని ఆపలేదు. రంగు తుంపర పొగలా పక్క మేడ మీదికి సాగింది. అక్కడ చీర మీద బియ్యప్పిండి వడియాలు ఎండుతున్నాయి. తొంగి చూశాను. అన్నీ తెల్లగానే ఉన్నాయి. వేటి మీద పడిందో తెలియలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయకుండానే పక్కన పెట్టాను. అక్క నా ముఖం చూసి అడిగితే చెప్పేశాను.

"ఆళ్లకు చెప్పినవా?" అంది.

"ఎవ్వలకు కనబడదక్కా."

"కనబడదనే చెప్పాలె తమ్మీ. కనబడితే ఆళ్లే పారేద్దురు."

నన్ను ముందు నడిపించి తాను వెనక వచ్చింది. వడియాలు పెట్టిన ఇంటి పెద్దావిడ నేను చెప్పింది విని లోపలికి పరుగెత్తి మనుమరాలిని ఎత్తుకొచ్చింది. పాప పొద్దటి నుంచీ సగం ఎండిన వడియాలు నములుతూనే ఉందట. ఆటోలో అందరం పటాన్‌చెరు ఆసుపత్రికి పోయాం. డాక్టర్ పాపను చూసి, భయం లేదుగానీ కాసేపు కనిపెట్టి ఉండమన్నాడు. అక్కడే కూర్చున్న మూడు గంటలూ పాప దగ్గినప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చింది. పెద్దావిడ తిడుతూనే ఉంది. అక్క నన్ను లేచి పోనివ్వలేదు. పాప ఆకలంటూ ఏడ్చాక గానీ మేం బయటికి రాలేదు.

మేం రంగు వేస్తున్న ఇంటి యజమాని రేపటి నుంచి రావద్దన్నాడు. అక్క సరేనంది. మర్నాడు ఇంకో ఇంటి దగ్గర మళ్లీ గన్ నా చేతికే ఇచ్చింది.

ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నా దగ్గర నలుగురు పని చేస్తున్నారు. గన్ పట్టే ముందు చుట్టుపక్కల తలుపులన్నీ తట్టి, మేడ మీద ఏమైనా ఆరేశారా అని అడిగి వస్తాను. నాది వట్టి పిరికితనమని నా పనివాళ్లు నవ్వుకుంటారు. నేను కాదనను. తర్వాతి తలుపు తడతాను.