ఖాళీ బండిని నమ్మని చాచా

మంగళవారం మైత్రీవనంలో క్లాసు అయిపోయి మెట్లు దిగుతుంటే అన్నయ్య ఫోన్ చేశాడు. "చాచా పోయిండు" అన్నాడు. పొద్దున దుకాణం షట్టర్ ఎత్తి, ఛాయ్ తెమ్మని చెప్పి, బల్ల మీద కూర్చున్నారట. ఛాయ్ వచ్చేసరికి ఆయన లేరు. జనం నన్ను తోసుకుంటూ దిగిపోతున్నారు. నాకు ముందు భయమేసింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

చాచా మాకు బంధువు కాదు. పంజాగుట్ట వెళ్లే దారిలో, మా ఇంటి వెనక సందులో ఆయనకు కార్ల టింకరింగ్ దుకాణం ఉండేది. సొట్టలు తీయడం, చిరిగిన రేకు అతకడం ఆయన పని. నాన్న టైలర్ కాబట్టి పైజామాలు మా దగ్గరే కుట్టించుకునేవారు. సందులో అందరికీ ఆయన చాచానే. ఆ సుత్తి దెబ్బల మధ్యే నేను డిగ్రీ చదివాను. నా పరీక్షల రోజుల్లో మాత్రం రేకు కింద గోనెసంచి మడిచి పెట్టి కొట్టేవారు. ఆ మాట ఆయనెప్పుడూ చెప్పలేదు. చప్పుడు మెత్తబడితే నాకే తెలిసింది.

ఏ బండి వచ్చినా కళ్లు మూసుకుని ముందు అరచేత్తో తడిమేవారు. "కంటికి సాఫ్ కనిపిస్తది. సొట్ట చేతికే దొరుకుతది" అనేవారు. ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. చక్రాల దగ్గర చప్పుడని ఎవరైనా వస్తే, ఆ బండిలో రోజూ తిరిగేవాళ్లందరినీ పిలిపించి, ఎవరి సీట్లో వాళ్లను కూర్చోబెట్టేవారు. ముసలమ్మలనూ వదిలేవారు కాదు. చాలామంది విసుక్కునేవారు. ఆ పద్ధతి వల్లే మేం నలుగురం ఇవాళ ఉన్నామని నేను నమ్ముతాను.

అన్నయ్యకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన ఏడాది అది. పాత కారు ఒకటి కొని, దానికి వెడల్పు చక్రాలు వేయించాడు. బండి నేలకు దగ్గరగా కనిపించాలని ఎక్కడో స్ప్రింగులు కోయించాడు. ఒక్కడే నడిపి చూసుకున్నాడు, బాగానే ఉంది. మేమందరం ఎక్కితే మాత్రం, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా వెనక ఎడమ చక్రం నుంచి గర్రుమని చప్పుడు. కాలిన రబ్బరు వాసన.

"ఏం సప్పుడురా అది?" అని అమ్మ అడిగేది.

"కొత్త టైర్లమ్మా, గట్లనే ఉంటది" అని అన్నయ్య పాటల సౌండు పెంచేవాడు.

ఆ చప్పుడు నా సీటు కింది నుంచే వచ్చేది. ఒళ్లో పుస్తకం తెరిచి పెట్టుకుని, తలుపు పిడి పట్టుకుని, తర్వాతి స్పీడ్ బ్రేకర్ కోసం ఎదురుచూసేదాన్ని. ఎవరితోనూ అనలేదు. అడిగితేనే జవాబు చెప్పాలని బడిలో సిస్టర్లు నేర్పారు. నన్నెవరూ అడగలేదు. పైగా అది అన్నయ్య మొదటి కారు.

అమ్మకు శ్రీశైలం మొక్కు ఉంది. తెల్లవారి బయల్దేరాలి. అమ్మ పోరు పడలేక ముందురోజు సాయంత్రం అన్నయ్య బండిని చాచా దగ్గరికి తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను.

"చక్రం మీది రేకు అంచు జర లోపలికి మడిచెయ్యి చాచా. పొద్దుగాల పోవాలె."

"ఎవరెవరు పోతున్నరు?"

"అమ్మ, నాయిన, నేను, చెల్లె."

"అయితే అందర్ని పిలువు. ఖాళీ బండి అబద్ధం చెప్తది బేటా. మంది ఎక్కినంకనే నిజం చెప్తది."

నాన్న మెడలో టేపుతో, అమ్మ తడి చేతులతో వచ్చి కూర్చున్నారు. చాచా తన పాన్ డబ్బాలోంచి సున్నం తీసి వెనక టైర్ల అంచులకు వేలితో పూశారు. "డబ్బా మొత్తం మీ టైర్లకే తినిపించిన. గిప్పుడు నా పాన్ ఎట్ల?" అంటే అమ్మ నవ్వింది. సందు చివరి స్పీడ్ బ్రేకర్ దాకా వెళ్లి వచ్చాం. కుడి టైరు మీద సున్నం అలాగే ఉంది. ఎడమ టైరు మీద గీకేసినట్టు పోయింది.

చాచా నా వైపు చూశారు. "గా పక్కన కూసునేది నువ్వే కదా బేటా. ఎన్ని దినాల సంది ఇంటున్నవు?"

"మూడు వారాలు" అన్నాను. అన్నయ్య చివ్వున తల తిప్పాడు.

జాకీ పెట్టి చక్రం ఊడదీశారు. రేకు అంచు కత్తిలా టైరు పక్క భాగాన్ని కోస్తూ వచ్చింది. రబ్బరు చీలి లోపలి దారాలు తెల్లగా కనిపిస్తున్నాయి. నాన్న వంగి వేలితో తడిమాడు. తాతల కాలం నుంచి మాది నేతపని ఇల్లు. ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. "నేత బయటపడ్డది. బట్టయితే గీడికెళ్లే చిరుగుతది" అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు మెల్లగా. మూడు వారాలు నేను దాని మీదే కూర్చున్నాను.

"టైరు మారుస్త. నువ్వు అంచు మడువు. పోతం" అన్నాడు అన్నయ్య.

"అంచు మడుస్త. కోసిన స్ప్రింగుని ఎట్ల అతుకుతవ్? ఘాట్ రోడ్డు మీద బండి కుంగితే మల్ల గీడనే తగుల్తది."

"అందరు గిట్లనే తిప్పుతున్నరు చాచా."

"ఆళ్లు ఒక్కలే తిప్పుతున్నరు."

"బండి నాది."

చాచాకు కోపం రాలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టారు. "నీదే, తీస్కో. గని ముందు ఎన్క కూసునేటోళ్లను అడుగు."

అందరూ నన్నే చూశారు. అన్నయ్య ముఖం ఎర్రగా ఉంది.

"నేను ఎక్కను అన్నా" అన్నాను. "నాకు భయమైతుంది. మొదటి దినం నుంచి భయమైతుంది."

"మరి చెప్పవేందే?" అన్నాడు అన్నయ్య. అరవలేదు. ఆ గొంతులో ఉన్నది కోపం కాదని ఆ తర్వాత అర్థమైంది. తాళంచెవి అతను ముట్టుకోలేదు.

చాచా సుత్తి అందుకుంటూ అన్నారు: "భయం మంచిదే బేటా. నోట్ల దాసుకుంటేనే ఖరాబ్."

వారం పట్టింది ఆయనకు. అంచును వేడి చేసి, కొయ్య సుత్తితో కొద్దికొద్దిగా లోపలికి వంచారు. పాత బండ్ల మార్కెట్లో సరైన స్ప్రింగులు వెతికి తెచ్చారు. చక్రాలు మళ్లీ సన్నవయ్యాయి. బండి పైకి లేచింది, అన్నయ్య ముఖం దిగింది. రెండు నెలలు సరిగా పలకరించలేదు ఆయనను. ఆ తర్వాత తనే వెళ్లి ఛాయ్ తాగడం మొదలుపెట్టాడు.

నేను ఆయనకు కృతజ్ఞత చెప్పలేదు. ఎదురైనప్పుడు తల ఊపేదాన్ని, ఆయన చెయ్యెత్తేవారు. మంగళవారం వాళ్లింటికి వెళ్లినా ఆడవాళ్ల మధ్య ఒక మూల కూర్చుని వచ్చేశాను. అక్కడా నోరు పెగల్లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

కారు చాచా దగ్గర వదిలేసిన ఆ తెల్లవారి మేం బస్సులోనే శ్రీశైలం వెళ్లాం. అన్నయ్య, అమ్మ ముందు సీట్లో, నాన్నా నేనూ వాళ్ల వెనక కూర్చున్నాం. ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి అమ్మ అన్నయ్య భుజం మీద తల వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోయింది. కిటికీ పక్కన లోయ అడుగు కనిపించడం లేదు. అన్నయ్య భుజం కదల్చకుండా, బిగుసుకుని కూర్చుని ఆ లోయనే చూస్తున్నాడు. ప్రతి మలుపుకూ అమ్మ గాజులు మణికట్టు దాకా జారి, మళ్లీ వెనక్కి పోతున్నాయి.