కాయిల్స్ సర్దిన చెయ్యి

2023 మార్చి. సిద్దిపేట దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ఇన్‌చార్జిగా నాకది పంతొమ్మిదో ఏడు. ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం. నంగునూరు నుంచి బస్సులో వచ్చే లావణ్య డిస్ట్రిబ్యూటెడ్ యాంప్లిఫయర్ చేస్తానంది. నాలుగు ట్రాన్సిస్టర్లను వరసగా పేర్చి, మధ్య మధ్య చిన్న కాయిల్స్ పెట్టి, సిగ్నల్‌ను విడతలవారీగా పెంచే సర్క్యూట్ అది. కాయిల్ విలువ, అంటే ఇండక్టెన్స్, సరిగ్గా కుదిరితేనే లైన్ పొడవునా ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు, యాభై ఓమ్‌ల దగ్గర నిలుస్తుంది. కుదరలేదా, సిగ్నల్ కొంత గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వస్తుంది.

"బీటెక్‌కు గిదెందుకే? ఏదన్న రోబో చేసుకో, మార్కులొస్తయి" అన్నాను. వినలేదు. పెన్ను రీఫిల్ మీద రాగి తీగ చుట్టి కాయిల్స్ తనే తయారు చేసుకుంది.

సాయంత్రం తను కొలిస్తే సిగ్నల్ అన్ని ఫ్రీక్వెన్సీల్లో సమంగా పెరిగి గ్రాఫ్ బల్లపరుపుగా వచ్చిందనేది. పొద్దున నా ముందు కొలిస్తే అన్నీ ఎత్తుపల్లాలే. నాలుగు రోజులు ఇదే తంతు.

"లెక్క తప్పింది, ఒప్పుకో."

"తప్పలే మేడం. నిన్న మంచిగనే వచ్చింది."

"మరి దయ్యమొచ్చి మార్చిందా?"

"దయ్యమో ఇంకెవరో, నాకేం ఎరుక మేడం!"

నాకు మండింది. దొంగ రీడింగులు రాస్తున్నావని అందరి ముందే అనేశాను. ఎల్లుండే వైవా. సర్క్యూట్ బోర్డు పనిచెయ్యకపోతే ప్రాజెక్టు ఫెయిల్, డిగ్రీ వెనక్కి. అదీ గుర్తుచేశాను.

మర్నాడు పొద్దున్నే లావణ్య ఫోన్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ముందు రోజు సాయంత్రం తీసిన ఫొటో. కాయిల్ చుట్ల మధ్య సన్నటి సందులున్నాయి.

"గిప్పుడు బోర్డు చూడుండ్రి."

చుట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

"ఎవరే గిట్ల చేసింది?" అని అరిచాను.

ఆ పిల్ల తల దించుకుంది. "రోజూ బోర్డులు సదిరి బీరువల పెట్టేది మీరే గదా మేడం."

నిజమే. వంగిన తీగ కనిపిస్తే సరిచేస్తాను, చెదిరిన కాయిల్ కనిపిస్తే రెండు వేళ్లతో దగ్గరికి నొక్కుతాను. నీటుగా ఉండాలి కదా! ఆ పిల్లేమో పుల్లతో చుట్లను జరిపి జరిపి విలువ కుదుర్చుకుంటోంది. చుట్లు ఎడంగా ఉంటే ఇండక్టెన్స్ తగ్గుతుంది, దగ్గరైతే పెరుగుతుంది. ఏటా ఈ పాఠం చెప్పేది ఎవరు? నేనే.

లావణ్య ఆ రోజంతా కూర్చుని చుట్లు మళ్లీ సరిచేసుకుంది. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ రిపోర్టు తిరగేసి, "సాయంత్రం ఒక రీడింగు, పొద్దున ఒక రీడింగు. ఏది నమ్మాలమ్మా?" అన్నాడు. లావణ్య నోరు విప్పలేదు. నా పేరు చెబితే మార్కులు కోస్తానని భయం. ఫొటో చూసినప్పటి కంటే ఆ మౌనానికి ఎక్కువ అదిరిపోయాను. నా నోటికి పిల్లలు ఇంతగా జడుస్తున్నారా?

"సాయంత్రానివి ఆమెవి సార్. పొద్దుటివి నా వల్ల చెడినవి" అని జరిగింది చెప్పాను. ఆయన ఎదుటే లావణ్య మళ్లీ కొలిచింది. గ్రాఫ్ బల్లపరుపు. పాసైంది.

నాలుగు రోజులు ఆ పిల్ల లెక్కను అనుమానించాను గానీ నా వేళ్లను ఒక్కసారీ అనుమానించలేదు. అనుభవం తెచ్చే జబ్బు ఇదే. దొంగ రీడింగులన్న అదే ల్యాబులో, అదే పిల్లల ముందు తప్పు నాదని చెప్పాను. లావణ్య అంది:

"ఇగ ఎవల బోర్డూ ముట్టకుండ్రి మేడం."

ముట్టలేదు.