ఇటలీలో మా బావ గాడిద

ఆదివారం ఉదయం పదీ పదికి మా బావ కిటికీ తలుపు మూసి, "ఈ ఊర్ల మనుషులున్నరా బామ్మర్దీ, మనిద్దరమేనా?" అని అడిగాడు. ఆ రోజుల్లో పటాన్‌చెరు నుంచి విదేశం వెళ్లడమంటే పెద్ద చదువులు చదివినవాళ్ల వ్యవహారం అనుకునేవారు. మమ్మల్ని మాత్రం మాత్రల ప్యాకింగ్ మెషీన్ ఒకటి పంపింది. మా కంపెనీ దాన్ని ఇటలీలో కొన్నది. దాన్ని విప్పి బిగించడం నేర్చుకోవడానికి ఫిట్టరైన మా బావను, మధ్యలో ఇంగ్లీషు మాట్లాడడానికి నన్ను పంపారు. (అక్కడివాళ్లకు ఇంగ్లీషు రాదని దిగాక తెలిసింది. ఆ తర్వాత నేనెందుకు వచ్చానో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.)

వారమంతా మెషీన్ చప్పుడులో గడిచిపోయేది. ఆదివారం గడిచేది కాదు. దుకాణాలన్నీ మూత. కుక్క కూడా మొరగదు. మా బావది పటాన్‌చెరు పక్కనే ఉన్న కర్దనూర్. ఫ్యాక్టరీలో చేరినా ఇంట్లో బర్రెల్ని, భుజం మీద తువ్వాలును వదల్లేదు. ఇటలీలో కోటు మీద కూడా ఆ తువ్వాలు ఉండేది. రెండో వారానికి తిండి తగ్గించేశాడు. ఏమైందంటే, "బర్రెలు యాదికొస్తున్నయ్" అనేవాడు. యాదికొస్తున్నది మా అక్క అని నాకు తెలుసు. ఆమె తమ్ముణ్ణి కాబట్టి నాతో ఆ మాట అనలేక బర్రెల మీద పెట్టేవాడు.

అతని ముఖం చూసి, మాకు పని నేర్పే మేస్త్రీ ఆ ఆదివారం కారు తెచ్చి, పశువుల ఫారాలు చూపిస్తానని సైగ చేశాడు. మొదట తీసుకెళ్లింది నత్తల దగ్గరికి. అక్కడ నత్తలను తినడానికి పెంచుతారు. ఆకుకూర మడుల్లాంటి మడులు, వాటి చుట్టూ మోకాలెత్తు జాలీ. బావ చాలాసేపు వంగి చూసి, "కంచెందుకేసిండ్రు? ఇవి ఉరికిపోతే పట్టుకోలేరా?" అన్నాడు. ఇటలీకి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

రెండోది గాడిదల ఫారం. పాల కోసం పెంచుతారట. "మనూర్ల గాడిదపాలు ఇంటి ముంగట్కి తెచ్చి అమ్ముతరు. ఈడ మనమే విమానమెక్కి వచ్చినం" అన్నాడు బావ. యజమాని ఒక ముసలాయన. ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు. వాటిలో రెండింటిని భార్య గురించి వాడాడు: "వైఫ్, ఫినిష్" అని ఆకాశం చూపించాడు. తర్వాత గాడిదల్ని చూపించాడు.

బావకు ఒక బూడిదరంగు గాడిద నచ్చింది. నోరు తెరిచి పళ్లు చూశాడు, నడుం నిమిరాడు. కొనే ఉద్దేశం లేదు, ధర తెలుసుకోవాలన్న ఆశ మాత్రమే. మా వైపు పశువుల అంగడిలో బేరం నోటితో చేయరు. ఇద్దరూ చేతులు తువ్వాలు కింద పెట్టి, ఎదుటివాడి వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియదు. చేయి మొత్తం పట్టుకుంటే ఒప్పుకున్నట్టు, పగ్గం చేతికిస్తే బేరం ముగిసినట్టు. భాష రాని ఊళ్లో ఇంతకంటే మంచి మార్గం బావకు తోచలేదు. భుజం మీది తువ్వాలు తీసి ముసలాయన చేతి మీద కప్పి, లోపల చేయి పెట్టి, అంగడి పద్ధతి ప్రకారం మొదట చాలా తక్కువ అడిగాడు.

ముసలాయన తువ్వాలును చూశాడు, బావ ముఖం చూశాడు. ఇది మా దేశపు నమస్కారం అనుకున్నాడేమో, కళ్లు మూసుకుని బావ చేతిని మొత్తంగా గట్టిగా పట్టుకున్నాడు. బావ ముఖం పాలిపోయింది. "ఒప్పుకున్నడు!" అన్నాడు నాతో. అంతటితో ఆగినా బాగుండేది. ముసలాయన సంతోషంగా వెళ్లి, ఆ గాడిద పగ్గం విప్పి తెచ్చి బావ చేతికి ఇచ్చాడు, కాస్త తిప్పుకో అన్నట్టు. "పగ్గం సుత ఇచ్చిండు బామ్మర్దీ! సౌదా అయిపోయింది!"

గాడిదను అక్కడే గుంజకు కట్టేసి గదికి వచ్చాక నేను పడీపడీ నవ్వాను. బావ నవ్వలేదు.

"ఆయనకు తెలియదు కదా బావా."

"నాకు తెలుసు గద."

"ఇప్పుడు గాడిదను విమానంలో తీసుకుపోతావా?"

"జెర మజాక్ ఆపు. చెయ్యిచ్చిన. మా నాయిన అంగడిల ఎన్నడు చెయ్యిచ్చి తప్పలే. మాట ఇడిపించుకోకుంట నేను విమానమెక్కను."

నిజంగానే విమానం ఎక్కనంటాడేమోనని భయమేసింది. అక్కకు ఏం చెప్పాలి? గాడిద వల్ల ఆగిపోయాడనా? అందుకని బయల్దేరే ముందటి ఆదివారం ఇద్దరం ఆ ఫారానికి నడిచి వెళ్లాం. బస్సులు లేవు. దారిలో ఎదురైన మనిషి కూడా లేడు. సౌదా రద్దు చేసుకోవాలంటే మళ్లీ చేయి కలిపి, పగ్గం అమ్మినవాడి చేతిలో పెట్టి, నా వల్ల కాదు అని చెప్పాలట. బావ ఆ మాటను దారి పొడుగునా తనలో తాను అనుకుంటూ వచ్చాడు.

ముసలాయన మమ్మల్ని దూరం నుంచే గుర్తుపట్టి, గబగబా ఇంట్లోకి వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు చేతిలో వంటింటి తువ్వాలు ఉంది. దాన్ని తనే బావ చేతి మీద కప్పి, లోపల చేయి పెట్టి, కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. నేను కొంచెం దూరం జరిగి గాడిదల్ని చూస్తూ నిలబడ్డాను.

తిరుగుదారిలో సగం దాకా వచ్చాక నేనే అడిగాను.

"రద్దయిందా బావా?"

"అడగలే."

"మరి?"

"ఏం మరి? గాడిద నాదే. మేపుకొమ్మని ఆయన కాడ ఇడిసిపెట్టిన. మనూర్ల ఇయ్యరా గట్ల? ముసలాయనకు గూడ తోడుంటది."

ఆ సాయంత్రం కడుపునిండా తిన్నాడు. మర్నాడు విమానం ఎక్కాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు, వాన పడితే చాలు, "ఆడ మన గాడిదను లోపట కట్టేసిండో లేదో" అనేవాడు. అక్క విసుక్కునేది: "ఇంట్ల బర్రెకు గడ్డెయ్యి ముందుగాల." నేను ముసలాయన వైపు మాట్లాడి, "కట్టేసే ఉంటాడు బావా" అనేవాణ్ణి. గాడిద ఎన్నేళ్లు బతుకుతుందో ఇద్దరం ఎప్పుడూ లెక్క వేయలేదు.

నిరుడు బావ పోయాడు. మొన్న ముసురు పట్టినప్పుడు కర్దనూర్‌లో అక్క పక్కన గడప మీద కూర్చున్నాను. గాడిదను లోపల కట్టేశాడో లేదో అన్న బావ మాట నోటిదాకా వచ్చింది. జవాబు చెప్పడం తప్ప అడగడం నాకెప్పుడూ అలవాటు లేదని అప్పుడు తెలిసి నాలో నేను నవ్వుకున్నాను. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఆ గాడిద సంగతి అడగరు.