నైరుతి మూల బరువు

ఇల్లు అమ్మేవాడు చాయ్ ఇస్తే నేను తాగను. తాగితే నోరు మెత్తబడుతుంది. గోడ మీద నెర్రె కనబడ్డా "చిన్నదేలే" అనాలనిపిస్తుంది. మంచినీళ్ళు కూడా నా సీసాలో నేనే తెచ్చుకుంటాను. ఇది చూసి జగిత్యాలలో ఇండ్ల బేరాలు కుదిర్చేవాళ్ళు నాకు పొగరని చెప్పుకుంటారు. చెప్పుకోనీ. నన్ను పిలిచేది వాళ్ళు కాదు, కొనేవాళ్ళు.

వయసంతా తాపీ పట్టుకునే గడిచింది. మోకాళ్ళు మొండికేశాక ఇండ్లు కట్టడం మానేసి, చూడటం మొదలుపెట్టాను. ఎవరైనా ఇల్లు కొనేముందు "మేస్త్రీ, ఒక్కసారి చూసి చెప్పు" అని తీసుకుపోతారు. హైదరాబాదులో ఈ పనికి చదువుకున్నవాళ్ళు ఉంటారట, మిషన్లు ఉంటాయట. నా దగ్గర ఉన్నవి దారానికి కట్టిన గుండు, నీళ్ళు పోసిన సన్నటి పైపు, ఒక సుత్తి, అనుమానం. వీటిలో ఎక్కువ పనికొచ్చింది అనుమానమే.

ఇండ్లు చెప్పే అబద్ధాలు ఊరికొక తీరు. సిరిసిల్లలో గోడ పగిలితే నింద సాంచాల మీద వేస్తారు. మరమగ్గం పొద్దంతా నడిస్తే నేల అదురుతుంది, నిజమే. కానీ పక్కింట్లోనూ అవే సాంచాలు నడుస్తున్నాయి, ఆ గోడ ఎందుకు పగల్లేదని అడిగితే మాట మారుస్తారు. తవ్వి చూస్తే ఒక ఇంటి బునాది గట్టి నేలను తాకి ఉంటుంది, రెండోది తాకకముందే ఆగిపోయి ఉంటుంది. జగిత్యాల పక్కల మొరం తీసిన గుంతలను పూడ్చి ప్లాట్లు చేస్తారు. పైన ఎర్రమట్టి చల్లి రోడ్డు రోలరు తిప్పితే అది పుట్టు నేలలాగే కనబడుతుంది. నల్లరేగడి సంగతి చెప్పనే అక్కర్లేదు, వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని, పైనున్న ఇంటిని ఏడాదికోసారి లేపి పడుకోబెడుతుంది. 

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. మా బిడ్డ తన పిల్లలకు నేర్పుతూ నాకూ ఒక పలక ఇచ్చింది. నా అంతట నేను కూడబలుక్కుని చదివిన మొదటి బోర్డు జగిత్యాల రోడ్డు మీద ప్లాట్లు అమ్మేవాళ్ళది. "నూటికి నూరు పాళ్ళు వాస్తు" అని ఉంది. కింద మన్ను ఎట్లాంటిదో ఎక్కడా లేదు, చుట్టూ తిరిగి వెనక వైపు కూడా చూశాను. రాయడం వచ్చినవాళ్ళకు దాచడం కూడా వస్తుందని ఆ రోజు తెలిసింది.

ఇక కోరుట్ల సంగతి. 

నన్ను కోరుట్లకు పిలిచింది రుద్రంగి ఊరి కోడలు ఒకామె. ఆమె తల్లిగారింటి గోడలు లేపింది నేనే, ఆ పరిచయం. మొగడు గల్ఫ్‌లో ఉంటాడు. ఇద్దరు పిల్లలను కోరుట్లలో మంచి బడికి పంపాలని ఆమె పట్టుదల. అందుకే అక్కడ ఇల్లు కొంటున్నారు. అతను ఎడారి ఎండలో నిలబడి పంపిందంతా, ఆమె బీడీలు చుట్టి దాచిందంతా కలిపి ఈ ఒక్క ఇంటి మీదే పెట్టబోతున్నారు. ఆ మధ్యాహ్నం మంచి గడియలో బయానా ఇవ్వాలని మాట. బయానా చేతులు మారాక కొనేవాడు వద్దంటే అది తిరిగి రాదు, మా దగ్గర అది కట్టుబాటు. ఆమె ఆ డబ్బు సంచిని చంకలో ఇరికించుకుని, పైన కొంగు కప్పుకుని నిలబడి ఉంది.

"తాతా, జర మంచిగ చూడు. ఆయనకైతే ఫోన్ల జూసుడుతోనే మస్తు నచ్చింది."

"ఫోన్ల ఏ గోడ పగులది బిడ్డా."

ఇంటాయన గేటు దాకా ఎదురొచ్చాడు. నడివయసు మనిషి, ఇస్త్రీ బట్టలు, పొద్దున్నే తగిలించుకున్నట్టున్న నవ్వు.

"రాన్రి పెద్దమనిషి, రాన్రి. ముందుగాల చాయ్ తాగున్రి."

"చాయ్ బందు జేసిన."

"షుగరున్నదా?"

"లేదు. అనుమానమున్నది."

అతను గట్టిగా నవ్వాడు. అవసరమైనదానికన్నా ఎక్కువే నవ్వాడు.

ముందు హాలు చక్కగా ఉంది. సుత్తి పిడితో బండల మీద కొట్టుకుంటూ పోయాను, ఎక్కడా బోలు చప్పుడు రాలేదు. ముందర బాగుంటే వెనకాల ఏముందోనని నాకు తొందర పుడుతుంది. వెనక, నైరుతి మూలన, పడకగది ఉంది. తలుపు తీయగానే కొత్త రంగు వాసన కొట్టింది. ఇల్లంతా పాత రంగే.

"గీ ఒక్క అర్రకే ఎందుకేసినవు రంగు?"

"పోరగాండ్లు గోడల మీద గీతలు గీసిన్రు పెద్దయ్యా."

"ఎంత పెద్దోళ్లు?"

"కాలేజీకి పోతరు."

"కాలేజీకి పోయేటోళ్లు గోడ మీద గీతలు గీసిన్రా?"

ఆమె ముఖం అటు తిప్పుకుంది. నవ్వు ఆపుకోవడానికే అనుకుంటాను. ఇంటాయన ఫ్యాను వేయడానికి పోయాడు. 

ఆ గది తలుపు గడియ తన రంధ్రంలోకి పోవడం లేదు. తలుపు పై అంచును ఒక పక్కన రంధా పట్టి తీసిన గుర్తు ఉంది. దర్వాజ చట్రం ఒరిగితే తలుపు పట్టేస్తుంది, అప్పుడు జనం దర్వాజ ఎందుకు ఒరిగిందని అడగరు, తలుపును చెక్కుతారు. మూలనున్న బీరువా కాళ్ళలో ఒకదాని కింద చెక్కముక్కలు పెట్టి ఉన్నాయి.

"బీరువా జరుపుదాం."

"నిండ సామాన్లున్నయి, ఎవలు జరుపుతరు?"

"ఇల్లు అమ్మినంక జరిపేదే గదా. గదేదో ఇప్పుడే జరుపు."

ఆమె సంచిని వదలకుండానే భుజంతో ఒక పక్క నెట్టింది. బీరువా కదిలింది. వెనక కిటికీ మూల నుంచి నేల దాకా ఏటవాలుగా పగులు. దాని నిండా పుట్టీ నింపి రంగు వేశారు. ఆ రంగు మధ్యలోంచి మళ్ళీ సన్నగా విచ్చుకుంది. నాకు కావలసింది అదే. ఎప్పుడో పగిలి ఆగిపోయిన గోడతో బతకొచ్చు, ముసలి ముఖంలో ముడతలాంటిది. మొన్న నింపితే నేడు విచ్చిందంటే ఆ మూల ఇంకా దిగుతూనే ఉంది. 

నీళ్ళ పైపు ఒక కొసను ఆమె చేతికిచ్చి హాలు వైపు నిలబెట్టాను. రెండో కొస నేను మూలన పట్టుకున్నాను. నీళ్ళు ఎక్కడైనా ఒకే మట్టానికి నిలుస్తాయి, వాటికి మొహమాటం లేదు. నేల మూలకు జారి ఉందని ఆమెకే కనబడింది.

ఇల్లంతా నిలబడి ఒక్క మూలే దిగిందంటే, మిగతా ఇంటి కింద ఉన్నది ఆ మూల కింద లేదు. 

"గీ మూలకు కిందేమున్నది?" అని అడిగాను.

"అంత గట్టి మొరమే. మా బాపు దగ్గరుండి తవ్విపిచ్చిండు."

చాలా తొందరగా చెప్పాడు. నేను డాబా ఎక్కాను, ఇద్దరూ నా వెనకే వచ్చారు. సరిగ్గా ఆ పడకగది మీద ఇటుకలతో కట్టిన నీళ్ళ ట్యాంకు, మనిషి కన్నా ఎత్తు, నిండుగా ఉంది. పక్కింటి వాకిట్లో ఒక ముసలామె చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఇంటివాళ్ళు దాచేది ఇరుగుపొరుగుకు ఎప్పుడూ తెలుసు. కానీ తిన్నగా అడిగితే చెప్పరు, వేరే దారిలో పోవాలి.

"అవ్వా, నల్లాలు రాకముందు గీ వాడల నీళ్లకు గోస ఉండెనా?"

"మాకేం గోస? గీళ్ల బాయిల చేదుకునేది."

"బాయి యాడున్నది మరి?"

"యాడుండుడేంది, నువ్వు నిలబడ్డ కాడ కిందనే ఉండె."

ఇంటాయన ముందుకొచ్చాడు. "అవ్వకు మతి తప్పింది, పట్టిచ్చుకోకున్రి."

"నాకారా మతి తప్పింది?" ముసలామె చాట పక్కన పెట్టేసింది. "నీ లగ్గం నాడు గా బాయి నీళ్లు చేది నీ నెత్తి మీద పోసింది నేను కాదా? సలిపెడ్తందని ఏడ్చినవు. గది గుడ యాదికున్నది నాకు."

అతని నవ్వు అప్పుడు పోయింది. పిట్టగోడ మీద కూర్చుని చెప్పాడు.

"బాపు పూడిపిచ్చిండు. నైరుతిల బాయుంటే ఇంటి పెద్దకు గండమన్నరు. పసుపు కుంకుమేసి, కొబ్బరికాయ గొట్టి, మంచిగనే పూడ్చినం."

"దేంతోని పూడ్చిన్రు?"

దానికి జవాబు కింది నుంచి వచ్చింది. "దేంతోనేంది? వాడకట్టు చెత్తంత అండ్లనే. పాత పరుపులు, పగిలిన పెంకలు. మా నులక మంచం గుడ అండ్లనే పడ్డది."

"అయితే నీ మంచం మీద ఇల్లు గట్టిన్రు అవ్వా."

"కిరాయన్న ఇయ్యమను మరి!"

ఇది మా దగ్గరి జబ్బు. నేను చూసిన ఇండ్లలో ఇదొక్కటే కాదు. నైరుతిలో బావి దోషమంటారు, పూడుస్తారు. బావిని పూడ్చడం తప్పు కాదు, చెత్తతో పూడ్చడం తప్పు. అంతటితో ఊరుకోరు. ఇంట్లో అన్నిటికన్నా బరువు నైరుతిలోనే ఉండాలంటారు కాబట్టి ఆ మూలన గది కట్టి, దాని మీద నీళ్ళ ట్యాంకు కడతారు. చెత్తతో పూడ్చిన బావి ఏండ్ల తరబడి లోపలికి కుంగుతూనే ఉంటుంది. ఇంటి మొత్తంలో బరువు పెట్టకూడని చోటు ఏదైనా ఉందంటే అదే. ఏరి ఏరి అక్కడే పెడతారు.

అప్పుడే నన్ను పిలిచినామె ఫోను మోగింది. మొగడి వీడియో కాల్, పనిలో విరామానికి రూముకు వచ్చాడట. వెనక ఇనుప మంచాలు కనబడుతున్నాయి. ఆమె సంగతంతా చెప్పి ఫోను నా ముందు పెట్టింది.

"తాతా, నైరుతిల బరువుంటే మంచిదే గదా?" అన్నాడు.

"గోడకు నైరుతి తెల్వది, ఈశాన్యం తెల్వది కొడుకా. కింద గట్టి నేలున్నదా లేదా, గంతే."

"బాగు చేస్తే నిలుస్తదా మరి?"

"ట్యాంకు దించాలె. మూల తవ్వి, చెత్తంత తీసి, గట్టి నేల తాకినంక కింది నుంచి కాంక్రీటు పోసుకుంట రావాలె. ఒక వానకాలం ఆగి చూడాలె. గప్పుడు చెప్త."

"ట్యాంకు ముట్టుకుంటే ఒప్పుకోను," అని ఇంటాయన లేచాడు. "నేనున్నన్ని దినాలు నైరుతి బరువు తీయనియ్య."

"అమ్ముకునేటోనివి, నీకెందుకయ్యా?"

"అమ్మేదాకనన్న బతకాలె గదా పెద్దమనిషి!"

ట్యాంకు గోడ మీద చెయ్యి వేసి దానికి అడ్డం వచ్చాడు. నేను అతని ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. అప్పటిదాకా అతను తెలిసీ మోసం చేస్తున్నాడనే అనుకున్నాను. కానీ ఆ భయం నటన కాదు. ట్యాంకు తన ప్రాణం కాస్తోందని నిజంగానే నమ్ముతున్నాడు. మరి అంత నమ్మకం ఉన్నవాడు పగులులో పుట్టీ ఎందుకు కూరాడు? ఆ రెండూ ఒక్క మనిషిలో ఎట్లా పడతాయో నాకు ఇప్పటికీ తెలియదు. 

ఇంకొక సంగతి నన్ను తొలుస్తూనే ఉంది. రుద్రంగి మనిషికి, అదీ దేశం కాని దేశంలో ఉన్నవాడికి, కోరుట్లలో ఈ ఒక్క ఇల్లే ఎట్లా దొరికింది?

"గీ ఇల్లు నీకెవలు చెప్పిన్రు కొడుకా?"

ఫోనులో అతను వెనకనున్న మంచాల వైపు ఒకసారి చూశాడు. 

"గా ఇంటాయన బామ్మర్ది నా రూములనే ఉంటడు తాతా. మాటిచ్చిన. పక్క పక్క మంచాలే మాయి. వద్దంటే రేపు మొఖమెట్ల చూపియ్యాలె?"

ఆమె ఫోను తన వైపు తిప్పుకుంది.

"నువ్వు దోస్తు మొఖం జూస్తవు. నేనూ పిల్లలు గా గోడ మొఖం జూసుకుంట పండుకోవాలె. ఏమన్నైతే ఎత్తుకపోయేటందుకు నువ్వుండవు."

"అట్ల గాదే..."

"పెండ్లానికి నచ్చలేదని చెప్పు. మొండిదని చెప్పు. నిజమే గదా, నువ్వు రోజంటవు."

అతను ఏదో అనబోయాడు. వెనక ఎవరో పిలిస్తే ఫోను పెట్టేశాడు. ఆమె సంచిని మళ్ళీ కొంగు కింద సర్దుకుని మెట్లు దిగింది. ఇంటాయన మంచి గడియ దాటిపోతోందని రెండుసార్లు అన్నాడు. ఆమె వెనక్కి చూడలేదు. 

బస్టాండులో బల్ల మీద కూర్చున్నాక సంచి మీద కొంగు ఇంకోసారి సర్దుకుంది. తర్వాత అడిగింది.

"తాతా, ఒకటి అడుగుత, కోపం జేసుకోవద్దు."

"అడుగు."

"నీకు గా ఇంటాయనతోని పగ గిట్ల ఏమన్న ఉన్నదా? లేకుంటే ఇంకో ఇల్లు అమ్మిపిచ్చే కత గిట్ల?"

కోపం రాలేదంటే అబద్ధం. చెవులు వేడెక్కాయి. ఇన్నేండ్లు అందరినీ నేనే అనుమానించాను, ఎదురుగా కూర్చుని నన్ను అనుమానించినవాళ్ళు లేరు. కానీ ఆమె స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి. ఇంత బరువైన సంచి చంకలో పెట్టుకున్న మనిషి ఒక్క ముసలివాడి మాట ఎందుకు నమ్మాలి?

"ఇంకో మేస్త్రీకి చూపియ్యి," అన్నాను. "నేనెరుగనోన్ని పట్టుకపో. బాయి ముచ్చట చెప్పకు, నా ముచ్చట చెప్పకు."

"గదే అనుకుంటున్న తాతా," అంది, ఏ మాత్రం మొహమాటం లేకుండా.

కొన్నాళ్ళకు ఫోను చేసింది. తంగళ్ళపల్లి నుంచి ఒక మేస్త్రీని తీసుకుపోయి చూపించిందట.

"ఏమన్నడు?"

"ఏం గాదన్నడు తాతా. నాలుగైదేండ్లు ఢోకా లేదన్నడు."

నాకు ఒళ్ళు మండింది. వాడెవడు, ఎవరి దగ్గర ఏం తీసుకున్నాడు, పగులు చూశాడా, లేక ముందు హాలులోనే కూర్చుని వచ్చాడా అని అడగబోయాను. ఆమె అడగనివ్వలేదు. 

"బడి కాన్నే రెండర్రలు కిరాయికి తీసుకున్న. సామాన్లు గుడ తెచ్చుకున్నం."

"మరి ఆయన ఏం గాదన్నడు గదా బిడ్డా?"

"నాలుగైదేండ్లన్నడు గదా తాతా. మా చిన్నోడు ఇప్పుడే ఒకటో తరగతి."